శాండో బనియన్ వేసుకుని రామ్మూర్తి కోసం కొట్లాట

మిడ్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి. హాస్టల్ రెండో ఫ్లోర్ వరండాలో బొరుగుల పొట్లం మధ్యలో పెట్టుకుని ఏడెనిమిది మందిమి కూర్చోనుండాం. (బొరుగులంటే ఏందో తెలియని కోస్తా మిత్రులకు: మరమరాలు.) ఎవడో ఫోన్లో పాత బాక్సింగ్ వీడియో పెట్టినాడు. ఇంకేముంది, మాట అలీ మీదికి, అక్కడి నుంచి టైసన్ మీదికి పోయింది. ఇద్దరూ మంచి వయసులో ఉన్నప్పుడు రింగులోకి దిగితే ఎవరు గెలుస్తారు? పది నిమిషాల్లో వరండా రెండు పార్టీలైపోయింది.

అప్పటిదాకా గోడకానుకుని కాలు చాపుకుని కూర్చున్న మా రూమ్మేట్ నోరు తెరిచినాడు. వాడిది పాలకొండ పక్క. అలీ, టైసన్ ఎందుకురా, మా కోడి రామ్మూర్తి నాయుడు ముందు వాళ్ళెంత అనేసినాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, రెండు మోటారు కార్లను రెండు చేతులతో ఆపినాడు, జర్మనీ శాండో కూడా ఆయనతో పోటీకి రాలేదు అని ఏకరువు పెట్టినాడు.

అందరం నవ్వేసినాం. నేను కూడా. వాట్సాప్ ఫార్వర్డ్ రా ఇది అన్నాం. కుప్పం నుంచి వచ్చిన సీఎస్ఈ వాడైతే రామ్మూర్తితో ఎవరినైనా కుస్తీకి దింపాలంటే గామాను దింపాల, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది అన్నాడు. రూమ్మేట్ ఇంకేం మాట్లాడలేదు. లేచి, గోడ పట్టుకుని, మెల్లగా రూములోకి పోయినాడు. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయ్యి అప్పటికి వాడికి మూడు నెలలు. అంతకుముందు మా కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్ వాడు.

ఆ రాత్రి మేమందరం వేసుకోనుండింది శాండో బనియన్లు. అది తర్వాత తట్టింది నాకు. మేం నవ్విన కథలోని ఇంకో మనిషి పేరును మేమే ఒంటి మీద వేసుకోనుండాం! అందుకే ఈ వ్యాసం. కోడి రామ్మూర్తి నాయుడు ఎవరు, ఆ జరగని పోటీలో ఎవరు గెలిచుండేవాళ్ళు అన్నది నాకు తెలిసినంతలో చెప్తాను. ఏది గట్టిగా తెలిసిన సంగతో, ఏది జనం చెప్పుకునే కథో విడదీసి చెప్తాను. మీరే తీర్పు చెప్పండి.

వీరఘట్టం పిల్లవాడు

రామ్మూర్తి నాయుడు 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టాడు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. నిన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నప్పుడే చదువు కోసం విజయనగరంలో ఉన్న చిన్నాన్న నారాయణస్వామి దగ్గరికి చేరాడు. చదువు మీద కన్నా వ్యాయామం మీద మనసు పోయింది. ఆ రోజుల్లో విజయనగరం సంస్థానం. సంగీతానికి, సాహిత్యానికి పేరున్నట్టే సాముగరిడీలకు కూడా ఆ ఊరికి పేరుంది. తాలింఖానాల్లో దండేలు, బస్కీలు, కుస్తీ నేర్పేవాళ్ళు. రామ్మూర్తి అక్కడే తయారయ్యాడు.

తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ కోర్సు చదివి, విజయనగరంలో తాను చదివిన బడికే డ్రిల్లు మాస్టరుగా తిరిగొచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి. దేశమంతా తర్వాత ఆయన్ని ప్రొఫెసర్ రామ్మూర్తి అని పిలిచింది. ఉత్తరాదిలో, బెంగాల్‌లో ఆ పేరుతోనే తెలుసు. అప్పట్లో సర్కసు వాళ్ళు, ఇంద్రజాలికులు పేరు ముందు ప్రొఫెసర్ అని పెట్టుకోవడం మామూలే. కానీ ఈయన నిజంగానే పాఠం చెప్పిన మనిషి. ముందు మాస్టరు, తర్వాతే సర్కసు యజమాని.

మాంసం ముట్టడని, శాకాహారమే తిన్నాడని ఆయన గురించి రాసినవాళ్ళందరూ చెప్తారు. ప్రాణాయామం బాగా సాధన చేశాడని కూడా. ఊపిరి బిగబట్టి ఛాతీని రాయిలా చేసుకోవడం ఆయన విద్యలన్నిటికీ పునాది.

డ్రిల్లు మాస్టరు జీతంతో ఆగలేదు. విజయనగరంలోనే సర్కసు కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ మద్రాసు, పూనా, అలహాబాద్, కలకత్తా అని ఊరూరూ తిరిగింది. సముద్రం దాటి రంగూన్‌కి, మలయా వైపుకి కూడా పోయింది.

ఆయన చూపించిన విద్యలు మూడు రకాలు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంపడం. చేతులకు గొలుసులు కట్టి అటొకటి ఇటొకటి రెండు కార్లతో లాగిస్తుంటే కదలకుండా నిలబడడం. ఛాతీ మీదుగా ఏనుగును నడిపించుకోవడం, నిలబెట్టుకోవడం. వైస్రాయి లార్డ్ మింటో ఎదుట కారును ఆపాడని, లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులెస్ అనే బిరుదు పొందాడని చెప్తారు. మన వాళ్ళిచ్చిన బిరుదు కలియుగ భీముడు. ఆ బిరుదే నిలిచిపోయింది. పూనాలో తిలక్, అలహాబాద్‌లో మదన్ మోహన్ మాలవీయ ఆయన్ని ఆదరించారని కూడా జీవిత చరిత్రలు చెప్తాయి.

ఈ ఆదరణకు కారణముంది. అప్పట్లో భారతీయుడు బలహీనుడు, అందుకే పాలితుడు అనే మాట తెల్లవాళ్ళు పదే పదే చెప్పేవాళ్ళు. మనవాళ్ళలో చాలామంది నమ్మేవాళ్ళు కూడా. అట్లాంటి కాలంలో ఒక తెలుగువాడు డేరా మధ్యలో పడుకుని ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుంటే, టికెట్టు కొని చూసే జనానికి అది సర్కసు ఒక్కటే కాదు.

మన చిత్తూరు జిల్లా ఊర్లలో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం తిరునాళ్ళు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. మట్టితో చేసిన నిలువెత్తుకు ఎన్నో రెట్ల దుర్యోధనుడు నేల మీద పడుకోనుంటాడు. భీముడి వేషగాడు గద ఎత్తగానే ఊరు ఊరంతా కేక పెడుతుంది. ఆ కేకలో పాండవుల కోపం కన్నా మన కోపమే ఎక్కువ. రామ్మూర్తి డేరాలో వినపడిన కేకలు కూడా అట్లాంటివే అయ్యుంటాయి.

అవతలి వైపు శాండో

ఇప్పుడు మా బనియన్ల మీది పేరు సంగతి. యూజెన్ శాండో 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. అసలు పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ మ్యుల్లర్. 1889లో లండన్‌లో శాంసన్ అనే బలశాలి విసిరిన సవాలును గెలిచి ఒక్క రాత్రిలో ప్రసిద్ధుడయ్యాడు. 1893లో చికాగోలో ప్రదర్శనలిచ్చాడు. 1894లోనే ఎడిసన్ స్టూడియోలో ఆయన కండలు తిప్పి చూపించడాన్ని ఫిల్ము తీశారు. ఇప్పటికీ ఫోన్లో చూడొచ్చు. 1901లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో దేహదారుఢ్య పోటీ పెట్టాడు. దానికి జడ్జీల్లో ఒకరు షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్. ఈ రోజు మిస్టర్ ఒలింపియా గెలిచినవాడికి ఇచ్చే బొమ్మ శాండోదే.

ఆయన 1905 ప్రాంతంలో ఇండియాకి వచ్చాడు. ఊరూరా జనం విరగబడ్డారు. శాండో అన్న మాట బలానికే మారుపేరైపోయింది. చేతుల్లేని బనియన్‌కి ఆ పేరు పడింది. తమిళంలో సినిమాలు తీసిన చిన్నప్ప దేవర్ పేరు ముందు శాండో అని ఉండేది. పేరు ఎక్కడిదో మరిచిపోయి, బట్టల కొట్లో సైజు చెప్పి అడిగేంత దగ్గరైపోయాడు మనకు.

రామ్మూర్తి శాండోకి సవాలు విసిరాడని, శాండో ఎత్తే బరువులు ముందుగా పరీక్షించి చూస్తే తన బలం ముందు అవి చిన్నవని తేలిందని, శాండో పోటీకి ఒప్పుకోలేదని మన దగ్గర కథ ఉంది. మా రూమ్మేట్ చెప్పింది అదే. శాండో వైపు నుంచి కథ విన్నవాడెవడూ లేడు కాబట్టి దీన్ని కథగానే ఉంచుదాం. ఒక లెక్క మాత్రం చూడండి. 1905లో శాండోకి 38 ఏళ్ళు. రామ్మూర్తికి ఇరవై రెండో, మూడో. శాండో అప్పటికే సవాళ్ళ కాలం దాటి, వ్యాయామశాలలు, పుస్తకాలు, డంబెల్స్ అమ్ముకునే వ్యాపారిగా మారినవాడు. ఒప్పుకోకపోయినా అది భయమే అనుకోనక్కర్లేదు. గెలిచినా ఆయనకి కొత్తగా వచ్చేదేం లేదు, ఓడితే అంతా పోతుంది.

కాబట్టి ఇద్దరూ మంచి వయసులో అన్న షరతు పెడితే ఆ పోటీ చరిత్రలో జరిగే అవకాశమే లేదు. ఊహలోనే జరగాల.

ఇంకో పక్క గామా

గామా పహిల్వాన్ సంగతి వేరు. అమృత్‌సర్ ప్రాంతంలో 1878లో పుట్టాడు. అసలు పేరు గులాం మహమ్మద్. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాల దగ్గర. 1910లో లండన్ పోయినాడు. పొట్టివాడని మొదట పోటీలోకి రానివ్వలేదు. అప్పుడు ఏ బరువువాళ్ళయినా సరే ముగ్గురిని అరగంటలో పడగొడతానని బహిరంగంగా సవాలు విసిరినాడు. అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌ని రెండుసార్లు పడగొట్టినాడు. అదే ఏడు సెప్టెంబర్ 10న పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జ్బిష్కోతో తలపడినాడు. జ్బిష్కో లేస్తే పడిపోతానని బోర్లా పడుకుని మ్యాట్‌ను కరుచుకున్నాడు. రెండున్నర గంటలు దాటినా తేలక డ్రా అయింది. వారం తర్వాత మళ్ళీ తలపడాల్సిన రోజు జ్బిష్కో రానేలేదు. బెల్టు గామాది. 1928లో పటియాలాలో మళ్ళీ దొరికినాడు. ఈసారి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

చూడండి, తేదీ ఉంది, ఊరుంది, ఎదుటివాడి పేరుంది, ఎంత సేపు పట్టిందో ఉంది. గామా గురించి వాదించేవాడికి కాగితముంది. రామ్మూర్తి గురించి వాదించేవాడికి నాయనమ్మ చెప్పిన కథుంది. మా వరండాలో రూమ్మేట్ ఓడిపోయింది అక్కడ. రామ్మూర్తి బలం తక్కువై కాదు.

కంప్యూటర్ చెప్పిన తీర్పు

మరుసటి రోజు కుప్పం వాడు కొత్త ప్లాన్ తెచ్చినాడు. ముగ్గురినీ పైథాన్‌లో సిమ్యులేట్ చేద్దాం, కంప్యూటరే తేలుస్తుంది అన్నాడు. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1969లో అమెరికాలో ముర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాత ఇదే చేశాడు. అప్పటికి 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా రిటైరైన రాకీ మార్షియానో, అప్పటిదాకా ఓటమి లేని, కానీ యుద్ధానికి పోనన్నందుకు రింగుకు దూరం చేసిన మహమ్మద్ అలీ. ఇద్దరినీ తెచ్చి ఒక్కో నిమిషం రౌండ్లు డెబ్బై దాకా షూట్ చేశాడు. మార్షియానో బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని దిగాడు. వాళ్ళిద్దరి రికార్డులను ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, అది చెప్పిన ఫలితానికి తగ్గట్టు ఫిల్ము అతికించారు. 1970 జనవరి 20న థియేటర్లలో వేస్తే, పదమూడో రౌండులో మార్షియానో అలీని నాకౌట్ చేశాడు. ఐరోపాలో చూపించిన దాంట్లోనేమో అలీ గెలిచాడు!

రెండు ముగింపులు ఎందుకు? చూసేవాడిని బట్టి. ఇందులో మనసు చివుక్కుమనే సంగతి ఇంకోటి. షూటింగ్ అయిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న మార్షియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తాను గెలిచాడో ఓడాడో తెలియకుండానే పోయాడు.

మన తెలుగువాళ్ళకి ఈ సమస్య కంప్యూటర్ కన్నా ముందే తెలుసు. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం వస్తే ఎవరు గెలుస్తారు? చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం నాటకం నడిచింది ఈ ప్రశ్న మీదే. 1963లో కె.వి.రెడ్డి శ్రీకృష్ణార్జున యుద్ధము తీసినప్పుడు ఒక పక్క ఎన్టీఆర్, ఇంకో పక్క ఏఎన్నార్. ఎవరు ఓడినా థియేటర్ కుర్చీలు మిగలవు. అందుకే శివుడొచ్చి ఆపుతాడు. మనవాళ్ళు తీర్పు ఇవ్వకుండా తప్పించుకున్నారని అనుకునేవాడిని. ఇప్పుడనిపిస్తోంది, రెండు ముగింపులు అతికించడం కన్నా అదే నిజాయితీ గల పని.

కుప్పం వాడి ప్రోగ్రాం మాత్రం మొదటి రోజే ఆగిపోయింది. గామా వరుసలో అంకెలు నింపినాడు. శాండో వరుసలో కొలతలు, బరువులు నింపినాడు. రామ్మూర్తి వరుసకొచ్చేసరికి నమ్మదగ్గ అంకె ఒక్కటీ లేదు. ఖాళీ గడులు. కోడ్ ఎర్రర్ ఇచ్చింది. ఖాళీని సున్నా అని నింపేద్దామా అని అడిగినాడు. రూమ్మేట్ మొహం చూసి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఖాళీ వేరు, సున్నా వేరు. డేటాబేస్ క్లాసులో విన్నదే, ఆ పూట అర్థమైంది.

ఏనుగూ, కార్లూ, కొంచెం మెకానిక్స్

అంకెలు లేకపోతే ఏం, ఫస్టియర్ మెకానిక్స్ ఉంది కదా. విద్యలను ఒక్కొక్కటిగా చూసినాం.

రెండు కార్లు. అటొకటి ఇటొకటి లాగుతుంటే మనిషి మీద రెండు కార్ల బలం పడుతుందని అందరం అనుకుంటాం. పడదు. మధ్యలో ఉన్న తాడులో టెన్షన్ ఒక కారు లాగే బలమంతే. ఇంకో కారు గోడలాగా పని చేస్తుంది. పైగా పాదాలు జారే సమస్య కూడా ఉండదు, బలాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి కాబట్టి. నిజానికి ఒకే కారును ఆపడంలో పాదాల పట్టు ఇంకా ఎక్కువ కావాల. కానీ ఒక్క కారు లాగుడైనా ఏం తక్కువ? అది మొత్తం వేళ్ళు, మణికట్టు, భుజాల కీళ్ళ గుండా ఛాతీ దాటి అవతలి చేతికి పోవాల. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఊడుతుంది. గొలుసులో బలహీనమైన కొక్కెం లెక్క.

ఏనుగు. ఇట్లాంటి ప్రదర్శనల్లో ఛాతీ మీద పలక వేసి దాని మీదుగా ఏనుగును నడిపించడం మామూలు. పలక చివర్లు ఆనిన చోట కొంత బరువు నేలకు పోతుంది. ఏనుగు మూడు టన్నులుంటే మూడు టన్నులూ మనిషి మోసినట్టు కాదు. కానీ అందులో ఐదో వంతు పడినా ఆరు వందల కిలోలు. ఛాతీ పలకకి పూర్తిగా ఆనితే బరువు పరుచుకుంటుంది, ఒక్కచోట గుచ్చుకోదు. ఇక ఊపిరి. గాలి తీసిన టైరు మీద లారీ నిలబడదు. గాలి కొట్టిన టైరు మీద నిలబడుతుంది. ఊపిరి నిండా పట్టి గొంతు మూసేస్తే పక్కటెముకల గూడు లోపల గాలి పీడనం పెరుగుతుంది, గూడు గట్టిపడుతుంది. ఆయన ప్రాణాయామం చేసిందెందుకో ఇక్కడ తెలిసింది. ఆ పీడనంతో నిమిషాలపాటు ఉంటే రక్తం గుండెకి తిరిగి చేరడం కష్టమవుతుంది, కళ్ళు తిరుగుతాయి. రోజూ సాధన చేయనివాడు పలక కింద చస్తాడు.

కాబట్టి మాయా కాదు, మహిమా కాదు. బలం ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషి, దాన్ని ఎక్కడ భరించాలో ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. లెక్క తెలిశాక ఆయన చిన్నవాడైపోలేదు. నాకైతే అప్పుడే నమ్మకం కుదిరింది.

ఈ లెక్క చేస్తున్నప్పుడే అసలు విషయం బయటపడింది. శాండో విద్య ఎత్తడం. గామా విద్య పడగొట్టడం. రామ్మూర్తి విద్య ఓర్చుకోవడం. మూడూ మూడు వేరే ఆటలు. బాక్సింగ్‌లో అలీకి, మార్షియానోకి రింగూ గ్లౌజులూ నియమాలూ ఒకటే. ఇక్కడ పోటీ పెట్టేవాడు ఏ ఆట ఎంచుకుంటే గెలిచేవాడు వాడే. కుస్తీ పెడితే గామా, ఇందులో నాకు అనుమానం లేదు. బరువులెత్తడం పెడితే కాగితమున్న శాండో వైపే మొగ్గాలి. పలక కింద పడుకోబెడితే మిగతా ఇద్దరూ లేవరు.

కుస్తీ గురించి ఒక్క కథ చెప్పాలి. బెంగాల్‌లో భీమ్ భవానీ అని పేరు పొందిన భవేంద్ర మోహన్ సాహా కుర్రతనంలోనే రామ్మూర్తి సర్కసులో చేరి ఆయన శిష్యుడయ్యాడు. కంపెనీ జావాలో ఉన్నప్పుడు ఒక డచ్చి మల్లుడు రామ్మూర్తికి సవాలు విసిరితే, ముందు శిష్యుడిని గెలిచి రమ్మని భవానీని దింపారని, మూడు నిమిషాల్లో భవానీ గెలిచాడని బెంగాలీలు చెప్పుకుంటారు. తర్వాత భవానీ సొంతంగా బెంగాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తెలుగు డ్రిల్లు మాస్టరు తయారు చేసిన మనిషిని ఇంకో భాషవాళ్ళు భీముడన్నారు. పాలకొండ నాయనమ్మల కథ ఒక్కటే కాదన్నమాట, కలకత్తాలో కూడా సాక్ష్యముంది.

కాలు

ఇక్కడిదాకా అంతా గెలుపే. మిగిలింది కష్టమైన భాగం.

ఆయన సర్కసు బాగా సంపాదించిందని, సంపాదించింది చాలావరకు దానాలకు, జాతీయోద్యమానికి ఇచ్చేశాడని చెప్తారు. వయసు మళ్ళాక కాలికి తగిలిన దెబ్బ మానలేదు. పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్‌కి మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి ఓర్చుకున్నాడని కథ. నిజమో కాదో నేను చెప్పలేను. కానీ ఈ కథ కట్టినవాళ్ళకి ఆయన విద్య ఏంటో తెలుసు. శాండో గురించి అయితే ఇంకో రకం కథ కట్టుండేవాళ్ళు.

కార్లను ఆపిన మనిషి ఒంటి కాలితో మిగిలాడు. డేరా లేదు, ఏనుగు లేదు, కేకలు లేవు. చివరి రోజులు ఒడిశాలోని బలాంగీర్‌లో, పట్నా సంస్థానం రాజు ఆశ్రయంలో గడిచాయి. 1942 జనవరిలో, పండగ రోజుల్లో, సొంత ఊరికి దూరంగా కన్నుమూశాడు. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహముంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది.

ఈ భాగం చదివి వినిపిస్తుంటే రూమ్మేట్ చాలా సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కుప్పం వాడి ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, ఆ పట్టికలో ఇంకో గడి చేర్చినాడు. మంచి వయసు అయిపోయాక అని పేరు పెట్టినాడు. మేమందరం మంచి వయసులో ఎవరు గెలుస్తారని కొట్టుకుంటుంటే, వాడు ఇన్ని రోజులూ ఆలోచిస్తా ఉండింది మంచి వయసు పోయాక మనిషి ఏమవుతాడని. ఇరవై ఏళ్ళకే వాడికి ఆ ప్రశ్న వచ్చింది. అలిపిరి మెట్లు పరుగున ఎక్కినవాడు ఇప్పుడు హాస్టల్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుండాడు. ఆ రాత్రి మేం నవ్వింది రామ్మూర్తిని చూసే అనుకున్నాం. వాడికి అట్లా వినపడలేదు.

సారీ చెప్పినాం. వాడు బొరుగులకు డబ్బులిమ్మన్నాడు. అంతటితో అయిపోయింది.

తీర్పు

నా తీర్పు ఇది. జరగని పోటీలో గెలుపు ఎవరిదని అడిగితే, ఏ ఆట అని తిరిగి అడుగుతాను. కానీ ముగ్గురిలో ఒక్కరి పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశమొస్తే మాత్రం డ్రిల్లు మాస్టరు దగ్గర కూర్చుంటాను. ఎత్తడం, పడగొట్టడం మనలో కొందరికే అవసరం. ఓర్చుకోవడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కావాల.

ఇంకో మాట. శాండో ఫిల్ము మిగిలింది, గామా పోటీల తేదీలు మిగిలాయి, రామ్మూర్తి వరుసలో గడులు ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీ ఆయన తప్పు కాదు. చూసినవాళ్ళు కేకలు పెట్టి ఇళ్ళకు పోయినారు, రాసుకున్నవాళ్ళు తక్కువ. మీలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళు, పండక్కి ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఆ సర్కసు కరపత్రమో, పాత ఫోటోనో, తాత చూసిన ఆట వివరమో దొరికితే, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో రాసి మన క్లబ్బుకి ఇవ్వండి. కుప్పం వాడి పట్టిక ఇంకా తెరిచే ఉంది. సున్నాలు పెట్టలేదు.

రూమ్మేట్ ఈ సెమిస్టర్ నుంచి సాయంత్రాలు గ్రౌండుకి వస్తా ఉండాడు. ఆడడానికి కాదు. మెడలో విజిల్ వేసుకుని ఫస్టియర్ వాళ్ళకి రైడింగ్‌లో ఊపిరి ఎట్లా పట్టాలో నేర్పిస్తా ఉండాడు. కబడ్డీ కూడా ఊపిరి ఆటే కదా. జూనియర్లు వాడిని మాస్టరూ అని పిలుస్తా ఉండారు. మేం మాత్రం ప్రొఫెసర్ అంటాం.